కాస్తు ఒకరిది, పట్టా ఒకరిది

కుల్కచర్ల చుట్టుపక్కల తండాల్లో భూమి మాట ఎత్తితే రెండు ప్రశ్నలొస్తాయి: కాస్తులో ఎవరున్నారు, పట్టా ఎవరి పేర ఉంది? రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ ఇంటికి దిగులు లేదు. చాలా ఇళ్లకు ఆ అదృష్టం దక్కలేదు.

ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన బంజారాలు, రైళ్లూ రోడ్లూ వచ్చి ఆ బేరం పోయాక అడవి అంచుల్లో తండాలు కట్టుకుని స్థిరపడ్డారు. పొదలు కొట్టి, రాళ్లు ఏరి జొన్న, కంది వేశారు. నేల సాగులోకి వచ్చినంత తేలిగ్గా పేరు కాగితం మీదికి రాలేదు.

తెలంగాణలో భూమి తగాదా ఏదైనా తిరిగి తిరిగి 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు దగ్గరికే చేరుతుంది. సర్వే నంబరు మీద వేలు పెట్టి వరస చదవండి. విస్తీర్ణం, ఖుష్కియా (మెట్ట) తరియా (మాగాణి), పట్టాదారు పేరు, ఆ తర్వాత సాగులో ఉన్న మనిషి పేరు. ఆ చివరి గడిలో రాసిన పేరే ఎన్నో కుటుంబాలకు ఏకైక సాక్ష్యం. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టరులోకి ఎక్కినవారికి తర్వాత అదే చట్టం 38-ఇ సెక్షన్ సర్టిఫికెట్‌తో యాజమాన్యం దక్కింది. ఎక్కనివారికి దున్నుకున్న ఏళ్లే మిగిలాయి.

వలస వచ్చినవారికి కాగితం దూరం కావడం మన దగ్గరే జరగలేదు. కాలిఫోర్నియాలో 1913 చట్టం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదంది. జపనీయుల పేరెత్తకుండానే వారి మీద వేసిన వేటు అది. అబికో క్యుతారో 1906లో లివింగ్‌స్టన్ దగ్గర ఇసుకనేలలో జపనీయ వలసదారుల యమాటో కాలనీకి పునాది వేసి అప్పటికి ఏడేళ్లే. ఆ చట్టం వల్ల చాలామంది జపనీయులు అమెరికాలో పుట్టిన పిల్లల పేర భూమి కొన్నారు. 1934లో ఓయామా కుటుంబం ఆరెకరాలు కొని ఆరేళ్ల కొడుకు పేర రాయించింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వారిని పశ్చిమ తీరం నుంచి వెళ్లగొట్టాక, 1944లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఆ నేల తనదేనని కోర్టుకెక్కింది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు కొడుకు పక్షాన తీర్పునిచ్చింది. కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానం ఆ చట్టాన్నే కొట్టేసింది 1952లో.

అక్కడ పేరు రాయకూడదని చట్టమే చెప్పింది. ఇక్కడ రాసిన పేరుకే చోటు లేకుండా చేశారు. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత ఇచ్చిన పాసుపుస్తకాల్లో, 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి పోర్టల్‌లో సాగులో ఉన్నవారి పేరు రాసే అనుభవదారు గడి లేదు. 2018లో ఎకరాకు పంటకు 4,000 రూపాయల చొప్పున మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే చేరింది. ఏళ్ల తరబడి దున్నుతున్నవాణ్ని కాగితం నుంచి తీసేయడం నా దృష్టిలో ఘోరమైన అన్యాయం.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అది తండాలకు పనికిరావాలంటే ఖాస్రా పహాణీని, రక్షిత కౌలుదారుల రిజిస్టరును ఊళ్లోనే, అందరి ముందూ చదివి వినిపించాలి. పుణె, ముంబైలకు పనికి పోయినవాళ్లు హోళీకి ఇంటికొచ్చిన రోజుల్లోనే ఆ పని పెట్టాలి.