బులోలో నౌక

యుద్ధనౌక యనగానే మన మనస్సునకు మొదట తోచునది ఫిరంగి. కాని రెండవ ప్రపంచ యుద్ధమున ఫిరంగులకంటె వార్తలను వినుటచేతను, ఆజ్ఞలను పంపుటచేతను సేవచేసిన యోడలు కొన్ని గలవు. వానిని హెడ్‌క్వార్టర్సు ఓడలనిరి. వానిలో నొకటియగు "బులోలో" చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈ యోడ యుద్ధమునకై పుట్టినది కాదు. 1938లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున, ఆస్ట్రేలియాలోని బర్న్స్ ఫిల్ప్ అను వర్తక సంఘమువారికై దీనిని నిర్మించిరి. న్యూగినీ ద్వీపమున బంగారము దొరకు ప్రదేశమగు బులోలో పేరు దీనికి పెట్టిరి. ఆఱువేల టన్నులకు మించిన యీ నౌక సిడ్నీ నగరమునుండి న్యూగినీకి ప్రయాణికులను, సరకులను మోయుచుండెను. 1939లో యుద్ధము రాగానే బ్రిటిషువారు దీనిని గైకొని, ఫిరంగుల నమర్చి, సముద్రమార్గముల కావలికి నియమించిరి.

ఇట్టి యోడ సేనాపతులకు నివాస మెట్లయ్యెను? 1940 సెప్టెంబరులో బ్రిటిషువారును, స్వతంత్ర ఫ్రెంచివారును పశ్చిమ ఆఫ్రికాలోని డకారు రేవును స్వాధీనపఱచుకొన బోయిరి. సేనాధిపతియు, నౌకాధిపతియు బార్హాము అను యుద్ధనౌకపై నుండిరి. రేవులోని ఫిరంగులతో నా నౌక పోరాడవలసి వచ్చినపుడు సేనాధిపతియు దానితోడనే పోవలసిన వాడయ్యెను. తన దళములను నడపవలసినవాడు తనది కాని పోరాటములో చిక్కుకొనెను. ఆ ప్రయత్నము విఫలమయ్యెను. విఫలతకు వేఱు కారణములును గలవు. అయినను, తీరముపై దిగు సేనను నడపుటకు ప్రత్యేకమైన యోడ యుండవలెనని యనుభవజ్ఞులు గ్రహించిరి.

అందుచే 1942లో బులోలో నౌకను మార్చిరి. ప్రయాణికుల గదులుండిన చోట పెద్ద పటములుగల కార్యాలయములును, అనేక వైర్లెస్సు యంత్రములును వెలసెను. పదాతి, నౌకా, వైమానిక దళముల యధికారు లొక్కచోట కూర్చుండిరి. దీని ప్రయోజన మేమన, తీరమునుండి యొక దళము "శత్రువు ఫలానాచోట నున్నాడు, విమానములను పంపుడు" అని కోరెననుకొందము. అచ్చట మనవారెవరైన నున్నారా యని సేనాధికారి పటమున చూచును. సమీపమున మన యోడ లెచ్చట నున్నవో నౌకాధికారి చెప్పును. పిదప వైమానికాధికారి విమానములను బంపును. ఈ మూడు మాటలలో నొక్కటి తప్పినను మన బాంబు మనవారిపైననే పడును. కావున నా గదిలోని శ్రద్ధపైన వేలమంది ప్రాణములు నిలిచియుండెను.

ఈ నౌక 1942 నవంబరులో ఆల్జీర్సు ఎదుటను, 1943 జూలైలో సిసిలీ యెదుటను, 1944 జనవరిలో ఇటలీలోని ఆంజియో యెదుటను సేవ చేసెను. నడుమ 1943 జనవరిలో చర్చిల్, రూజ్వెల్టు కాసాబ్లాంకాలో సమావేశమైనపుడు, ఆ రేవున నిలిచి బ్రిటిషువారి వార్తలను పంపెను.

1944 జూన్ 6వ తేదీన నార్మండీలో "గోల్డు" అను తీరమున దిగిన సేనకు నిదియే యాజ్ఞాస్థానము. మఱునాటి వేకువను శత్రువు బాంబొకటి దీనిపై పడగా కొందఱు మృతినొందిరి. అయినను నౌక తన స్థానమును వీడక, పలు దినములు పని సాగించెను.

పిదప తూర్పునకు వచ్చి, 1945 సెప్టెంబరులో మలయా తీరమున దిగిన భారతసేనకు తోడుగా నుండెను. జపాను అప్పటికే లొంగిపోయినందున అచ్చట యుద్ధము జరుగలేదు. మలయా తోటలలో పనిచేయుచు, జపానువారి పాలనలో నానా కష్టములు పడిన మన తెలుగువారికిని ఆ రాక విముక్తి వార్తయే యయ్యెను.

యుద్ధానంతరము బులోలో తన యజమానులను చేరి, తిరిగి న్యూగినీ ప్రయాణికులను మోసెను. 1968లో దానిని తైవానులో విడగొట్టిరి.

విద్యార్థులారా, ఈ యోడలోని వారిలో పెక్కుమంది తాము నడపిన యుద్ధమును కన్నులార చూచినవారు కారు. చీకటి గదులలో చెవులకు యంత్రములు తగిలించుకొని, వినిన మాటను తప్పులేకుండ వ్రాసి, చేర్పవలసిన వారికి చేర్చిరి. ఆజ్ఞాపించువానికి మొదట కావలసినది చక్కగా ఆలకించు వారని ఈ నౌక చరిత్రము తెలుపుచున్నది.