ల్యాప్‌టాప్ తెరపై గీతలు: దోషమెవరిది?

తార్నాక చౌరస్తాకు ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము, దాని నానుకొని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము, మరియొక ప్రక్క హబ్సిగూడ మీదుగా ఉప్పలునకు పోవు దారి పొడవునా రసాయన, భూభౌతిక, కణజీవ శాస్త్రముల జాతీయ పరిశోధనాలయములు వెలసియుండుటచేత, అక్కడి మెట్రో స్టేషనులో దిగు యువతీయువకుల వీపున పుస్తకముల మూట కంటె ల్యాప్‌టాప్ సంచియే యెక్కువగా కనబడును. ఆ సంచిలో నున్నది వట్టి యంత్రము కాదు. ఫెలోషిప్పు సొమ్ములో నెలనెల మిగిల్చి కొన్న వస్తువది. క్షేత్రపర్యటనలలో సేకరించిన ఫొటోలు, అనూ ఫాంట్లలో అధ్యాయముల వారీగా టైపు చేసికొన్న సిద్ధాంత గ్రంథము, పర్యవేక్షకుడు దిద్ది పంపిన ప్రతులు, అన్నియు దానియందే యుండును. అట్టిది ఒకనాటి రాత్రి తెర నిండ నిలువు గీతలు పడి, రంగులు చెదరి, పిమ్మట పూర్తిగా నల్లబడి నిలిచిపోయినప్పుడు, మనవారిలో పెక్కుమంది దానిని తమ గ్రహచారముగా భావించి, ఎవరు ఎంత యడిగిన అంత యిచ్చి బాగు చేయించుకొనుటకో, లేక అప్పు చేసి క్రొత్తది కొనుటకో సిద్ధపడుచున్నారు. ఈ రోగమునకు కారణము కలదు, చరిత్ర కలదు, దోషము తమదేయని కంపెనీలు ఒప్పుకొని ఉచితముగా మరమ్మతు చేసిన సందర్భములును కలవు. ఆ సంగతి యెరిగిన కొనుగోలుదారుడే తన హక్కును గట్టిగా అడుగగలడు గనుక, దానిని కొంత విపులముగా చెప్పవలెనని నా సంకల్పము.

తెరపై కనబడు ప్రతి యక్షరమును, ప్రతి చిత్రమును లెక్కించి చుక్కచుక్కగా దిద్దునది గ్రాఫిక్స్ చిప్. చేతి గోరంత వెడల్పైన సిలికాను ముక్క యొకటి పలుచని పలకపై బోర్లించి యుండును. ఆ ముక్కకును పలకకును నడుమ, కంటికి ఆనని సన్నని టంకపు బొడిపెలు వందలును వేలును కలవు. వాని సందులలో జిగురు వంటి పదార్థము పోసి గట్టిపరచెదరు. ఆ పలక అడుగున మరికొంత పెద్దవైన టంకపు గుండ్లు వరుసలు దీరి మొత్తమును మదర్‌బోర్డుకు అతికించును. కమ్మరి బండి చక్రమునకు ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడుగుటయు, అది చల్లారగానే బిగిసికొనుటయు చూచినవారికి, వేడికి లోహము వ్యాకోచించునని వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడి చిక్కు ఏమనగా, ఒక్కొక్క డిగ్రీ వేడికి సిలికాను పది లక్షలలో సుమారు 3 పాళ్లు మాత్రమే పెరుగగా, దాని క్రింది పలక సుమారు 15 పాళ్లు పెరుగును. యంత్రము వేడెక్కినప్పుడెల్ల పలక ఒక తీరున, చిప్ మరియొక తీరున సాగి, చల్లారినప్పుడెల్ల ముడుచుకొని, నడుమ నున్న బొడిపెలను అటునిటు లాగుచుండును. జిగురు మంచిదైనచో ఆ లాగుడును తానే భరించును. వేడికి మెత్తబడు రకమైనచో భారమంతయు బొడిపెల మీద పడి, వేలమార్లు ఇట్లు జరిగిన పిమ్మట, ఒకనాడు ఎక్కడనో వెండ్రుక వాసి పగులు పుట్టును. తెరపై మొదటి గీత ఆ పగులు వలననే.

ఇది ఊహ కాదు. 2008 జులై 2వ తేదీన ఎన్‌విడియా కంపెనీ అమెరికా నియంత్రణ సంస్థకు సమర్పించిన పత్రములో, తమ మునుపటి తరముల ల్యాప్‌టాప్ చిప్‌లు కొన్ని అసాధారణముగా చెడిపోవుచున్నవని, అందుకు చిప్‌ను పొదిగిన పదార్థముల బలహీనతయే హేతువని ఒప్పుకొని, మరమ్మతుల నిమిత్తము 15 కోట్ల నుండి 20 కోట్ల డాలర్ల వరకు ప్రత్యేకించుచున్నట్లు ప్రకటించెను. ల్యాప్‌టాపుల వేడి తగ్గించు ఏర్పాట్లకును, వాడువారి పద్ధతులకును ఇందు కొంత భాగము కలదని ఆ పత్రమే చెప్పినది. అంతకు ముందటి యేడు, 2007 జులైలో, మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360 ఆటల యంత్రముల వారంటీని ఇట్టి వైఫల్యముల మూలముగానే మూడేండ్లకు పొడిగించి, నూరు కోట్ల డాలర్లకు పైగా లెక్కలలో వేరుచేయవలసి వచ్చెను. 2006 జులై 1 నుండి ఐరోపాలో సీసము లేని టంకము తప్పనిసరియైనది గనుక దోషమంతయు ఆ క్రొత్త టంకముదేనని నేటికిని కొందరు మెకానిక్కులు చెప్పుదురు. ఎన్‌విడియా విషయమున ఆ మాట పొసగదు. అందు చిప్ లోపలి బొడిపెలు సీసము మెండుగా కలవియే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొన వలసినదిగా కోరుచున్నాను. మరమ్మతుల విషయమున దీనితో పని పడును.

ల్యాప్‌టాపులు తయారుచేసిన కంపెనీలు ఎట్లు ప్రవర్తించినవి? హెచ్‌పీ కంపెనీ తన పెవిలియన్ డీవీ2000, డీవీ6000, డీవీ9000, కాంపాక్ ప్రెసారియో వీ3000, వీ6000 వరుసలలోని కొన్ని యంత్రములకు, కొన్న నాటి నుండి రెండేండ్ల వరకు ఉచిత మరమ్మతు చేసెదమని ప్రకటించినది. ఆ యంత్రములలో ఒక విచిత్ర లక్షణము కనబడెడిది. తెర చెడుటకు కొన్ని దినముల ముందే వైఫై మాయమయ్యెడిది. గ్రాఫిక్స్ పనియు, వైఫై కార్డును బోర్డుతో కలుపు పనియు ఒకే చిప్ చేయుచుండుటయే దానికి కారణము. పాపము, ఎందరో వైఫై కార్డు చెడినదని భావించి క్రొత్త కార్డు కొని బిగించుకొనిరి. డెల్ మొదట ఫ్యాను ఎడతెగక తిరుగునట్లు బయాస్ మార్చి యిచ్చి, విమర్శలు చెలరేగిన పిమ్మట కొన్ని మోడళ్లకు వారంటీని ఒక యేడు పొడిగించెను. ఫ్యాను తిరిగినంతమాత్రమున బలహీనమైన పదార్థము బలపడదు. పగులు వాయిదా పడును, అంతియే. ఆపిల్ నడచిన తీరు నాకు కొంత మెచ్చదగినదిగా తోచును. మీ యంత్రములకు ముప్పు లేదని ఎన్‌విడియా హామీ యిచ్చినను నమ్మి యూరకుండక, ఆ కంపెనీ తానే పరీక్షించుకొని, 8600ఎం జీటీ చిప్ కల మ్యాక్‌బుక్ ప్రోలకు ముప్పు కలదని 2008 అక్టోబరులో బాహాటముగా చెప్పి, ఉచిత మరమ్మతు గడువును క్రమముగా నాలుగేండ్ల వరకు పెంచెను. అదే ఆపిల్, 2011 నాటి మ్యాక్‌బుక్ ప్రోలలో గ్రాఫిక్స్ చెడిపోవుచుండగా చాలకాలము మౌనము వహించి, న్యాయస్థానములో వ్యాజ్యము పడిన తరువాత గాని 2015 ఫిబ్రవరిలో మరమ్మతు పథకము ప్రకటింపలేదు. కొనుగోలుదారులు అడుగుట మానినచోట ఎంత మంచి కంపెనీయైనను నిద్రించుననుటకు ఇది చాలును.

ఎన్‌విడియా పైన కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో నడచిన సామూహిక వ్యాజ్యము 2010 డిసెంబరులో రాజీగా ముగిసి, డెల్, హెచ్‌పీ, ఆపిల్ యంత్రములు కొన్నవారికి చిప్ మార్పిడియో, బదులు యంత్రమో లభించెను. అయితే ఆ లాభము అమెరికాలో కొన్న అక్కడి నివాసులకే. తార్నాకలో అదే మోడలును, అదే చిప్‌తో, పూర్తి వెల చెల్లించి కొన్న విద్యార్థికి ఆ రాజీ వలన ఒరిగినదేమియు లేదు. ఇక అమెరికాలో నున్న అన్నయో మేనమామయో సంక్రాంతికి వచ్చుచు తెచ్చియిచ్చిన ల్యాప్‌టాప్ మన యిండ్లలో సర్వసాధారణము గదా! దాని స్థితి మరింత సందేహాస్పదము. కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశములోనే చెల్లును, కొన్నిటిది మన దేశమునకు మార్పించుకొన్న పిమ్మటనే చెల్లును. కావున తెచ్చినవారు తిరిగి విమానమెక్కక మునుపే బిల్లు ప్రతిని తీసికొని, సీరియల్ నంబరుతో వారంటీని ఇక్కడికి మార్పించుకొనుట యుక్తము.

తెర చెడినంతనే చిప్ చెడినదని నిశ్చయింపరాదు. హాస్టలులో ఎవరి గదిలోనైనను ఒక మానిటరో, విభాగములో ప్రొజెక్టరో ఉండకపోదు. హెచ్‌డీఎంఐ తీగతో దానికి తగిలించి చూడవలెను. అక్కడ బొమ్మ నిర్మలముగా వచ్చినచో ల్యాప్‌టాప్ తెరయో, దానికి పోవు తీగయో చెడినదన్నమాట. అది చాల తక్కువ ఖర్చుతో తీరును. మూత కదిపినప్పుడెల్ల గీతలు మారుచున్నచో దోషము తీగదే. నల్లని తెరపై టార్చి వేసి చూడగా బొమ్మ మసకగా కనబడినచో వెనుక దీపము పోయినది. రెండు తెరల మీదను అవే గీతలు, అందును విండోస్ ఇంకను మొదలు కాక మునుపు, కంపెనీ గుర్తు కనబడు వేళనే వచ్చుచున్నచో గ్రాఫిక్స్ చిప్‌నే అనుమానింపవలెను. విండోస్ వచ్చిన తరువాత మాత్రమే చిక్కు కలిగి, సేఫ్ మోడ్‌లో చక్కగా నడచుచున్నచో ముందుగా డ్రైవరును మార్చి చూచుట మంచిది. ఏమియు కనబడనిచో ర్యామ్ కదలి యుండుటయు కద్దు.

చిప్‌దే దోషమని తేలిన తరువాత, తార్నాక వీథులలో సాధారణముగా జరుగు చికిత్స యొకటి కలదు. జిరాక్సు, బైండింగు దుకాణముల నడుమ నున్న ఒక చిన్న మరమ్మతు దుకాణమున దానిని నేను చూచితిని. మదర్‌బోర్డును విప్పి, చిప్ చుట్టును పసుపుపచ్చని వేడి తాళు టేపు అతికించి, అంచుల వెంబడి ఫ్లక్స్ పూసి, మెకానిక్కు హాట్ గన్‌తో మెల్లమెల్లగా వేడిగాలి తిప్పుచుండెను. ఫ్లక్స్ పొగ ఘాటుగా ముక్కుకు సోకుచుండెను. చల్లారిన పిమ్మట బిగించి మీట నొక్కగా తెర మిలమిల వెలిగినది. ఎదుట నిలిచిన పరిశోధక విద్యార్థి ముఖము వికసించినది. "అన్నా, మళ్లీ పోదు కదా?" అని యతడు అడుగగా, "గ్యారంటీ ఏం లేదు తమ్మీ, నడిచినన్ని రోజులు నడుస్తది. ముందు నీ డేటా తీస్కో" అని ఆ మెకానిక్కు నిజమే పలికెను.

వేడిగాలికి కరగునవి పలక అడుగునున్న గుండ్లు మాత్రమే. సీసము లేని టంకము సుమారు 217 డిగ్రీల వద్ద కరగును. లోపలి బొడిపెలలో సీసము మెండుగా నున్నచో, అవి కరుగుటకు 300 డిగ్రీలు మించిన వేడి కావలెను, అంత వేడికి చిప్ బ్రదుకదు. అనగా పగిలినచోట అతుకు పడలేదు. సాగి ముడుచుకొనుటలో పగులు అంచులు ఒకదానికొకటి తగిలినవి. కొన్ని దినములకో వారములకో మరల విడిపోవును. గుండ్లన్నియు తీసి క్రొత్తవి పొదుగు రీబాలింగ్ పనికి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో మంచి పనివారు కలరు. గుండ్లు విడిపోయినచోట వారి విద్య సార్థకమే. దోషము చిప్ గర్భములో నున్నప్పుడు మాత్రము అదే చిప్‌ను ఎన్నిమార్లు ఊడదీసి అతికించినను ప్రయోజనము లేదు. సవరించిన పదార్థముతో తయారైన క్రొత్త చిప్ వేయుటో, బోర్డు మార్చుటో మాత్రమే నిజమైన మరమ్మతు. అన్నిటికంటె ముఖ్యముగా, వారంటీలో నున్న యంత్రమునకు ఈ వేడి చికిత్స చేయించుట తన హక్కును తానే కాల్చుకొనుట వంటిది. బోర్డు మీద ఫ్లక్స్ మరక కనబడగానే సర్వీస్ సెంటరువారు చేతులెత్తివేయుదురు.

సర్వీస్ సెంటరునకు పోవువారు మొదట తమ డేటాను వేరొకచోట భద్రపరచుకొనవలెను. ఏ కంపెనీ వారంటీయు డేటాకు పూచీపడదు. తెర కనబడకున్నను హార్డ్ డిస్క్ సాధారణముగా నిక్షేపముగానే యుండును గనుక కంగారు పడనక్కరలేదు. గీతలు కనబడుచుండగానే ఫోనుతో వీడియో తీసి, యంత్రము నాలుగు ప్రక్కల ఫొటోలు తీసికొనుట వలన, "నీళ్లు పడినవి, దెబ్బ తగిలినది" అను మాట తరువాత వచ్చినప్పుడు బదులు చెప్పుటకు ఆధారము కలుగును. జాబ్ షీటు మీద సీరియల్ నంబరు, తేదీ, లక్షణములు, యంత్రపు బాహ్యస్థితి స్పష్టముగా వ్రాయించుకొనక సంతకము చేయరాదు. "బోర్డు పోయినది" అను నోటిమాటతో తృప్తిపడక, ఏ భాగము ఏ కారణముచేత చెడినదో కాగితము మీదనో ఈమెయిలులోనో కోరవలెను. మార్చిన బోర్డు క్రొత్తదా, బాగుచేసినదా, దానికి ప్రత్యేక వారంటీ ఎంతకాలమని అడుగుట అవసరము. బాగుచేసిన బోర్డు వచ్చి, అదే గీత మరల పడినవారిని నేనెరుగుదును. వారంటీ దాటినను నిరాశపడక, ఆ మోడలునకు ప్రత్యేక మరమ్మతు పథకమేదైన కలదా యని కంపెనీని వ్రాతపూర్వకముగా అడుగవలెను. అడుగనివారిని వెదకికొనుచు ఏ పథకమును హాస్టలు గదికి రాదు.

అప్పటికిని న్యాయము జరుగనిచో 1915 నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమున ఫిర్యాదు నమోదు చేయవచ్చును. పెక్కు తగవులు అక్కడనే తీరును. తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 చట్టము ప్రకారము, దోషమును సవరింపుమనియో, బదులు వస్తువు నిమ్మనియో, వెల తిరిగి చెల్లింపుమనియో ఆదేశించు అధికారము ఆ కమిషన్‌కు ఉన్నది. తయారీదారునిపై ఉత్పత్తి బాధ్యత మోపు అధ్యాయము కూడ ఆ చట్టమున కలదు. కంపెనీ కార్యాలయము బెంగుళూరులో నున్నను గురుగ్రాములో నున్నను, ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే కేసు వేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకుండ తానే వాదించుకొనవచ్చును. గడువు మాత్రము వ్యాజ్యకారణము కలిగిన దినము నుండి రెండేండ్లు. కావున బిల్లును, మొదటి జాబ్ షీటును సిద్ధాంత గ్రంథపు ప్రతులంత భద్రముగా దాచుకొనుడు. కమిషన్ ముందు మీ తరఫున సాక్ష్యము పలుకునవి అవియే.