గ్రెప్, రిప్‌గ్రెప్, గిట్ గ్రెప్.. ఏది వాడాలి? సెర్చ్‌లో 'ఏమీ లేదు' అని వస్తే వెంటనే నమ్మేయకండి..!

ప్రాజెక్ట్‌లో వేల ఫైల్స్ ఉంటాయి. అందులో ఒక పాస్‌వర్డో, ఏపీఐ కీనో ఎక్కడుందో వెతకాలి. ఒక్కో ఫోల్డర్ ఓపెన్ చేసుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే డెవలపర్లు టెర్మినల్ తెరిచి ఒక్క కమాండ్ కొడతారు.. సెకన్లలో రిజల్ట్ వచ్చేస్తుంది. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. ఏ టూల్‌తో వెతికారన్న దాన్ని బట్టి రిజల్ట్ మారిపోతుంది. ఒక టూల్ 'దొరికింది' అంటే, ఇంకోటి 'ఏమీ లేదు' అంటుంది. రెండూ కరెక్టే! అదెలాగో చూద్దాం.

ముందుగా పెద్దాయన.. గ్రెప్

గ్రెప్ వయసు 50 ఏళ్లు దాటింది. 1973లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ దీన్ని రాశారు. అప్పటి 'ఈడీ' అనే ఎడిటర్‌లో, ఒక ప్యాటర్న్‌ను ఫైల్ మొత్తం వెతికి ప్రింట్ చేయమని ఇచ్చే కమాండ్ నుంచే ఈ పేరు పుట్టింది.

దీనికున్న అతి పెద్ద ప్లస్.. ఎక్కడికెళ్లినా ఉంటుంది. లైనక్స్ సర్వర్ కావొచ్చు, మ్యాక్ కావొచ్చు, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫోల్డర్ మొత్తం వెతకాలంటే మాత్రం 'మైనస్ ఆర్' ఆప్షన్ ఇవ్వాలి. అప్పుడు హిడెన్ ఫైల్స్‌తో సహా అన్నీ చూస్తుంది. దాచిపెట్టిన ఫైలా, అనవసరమైన ఫైలా అని అడగదు. అందుకే నోడ్ మాడ్యూల్స్ లాంటి భారీ ఫోల్డర్ ఉంటే పనికిరాని రిజల్ట్స్ కుప్పలుగా వచ్చి పడతాయి.

ఇంకో విషయం.. లైనక్స్‌లో ఉండేది గ్నూ గ్రెప్, మ్యాక్‌తో వచ్చేది బీఎస్‌డీ గ్రెప్. లైనక్స్‌లో పనిచేసే 'మైనస్ క్యాపిటల్ పీ' ఆప్షన్ మ్యాక్‌లో పనిచేయదు. స్క్రిప్ట్ రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

కుర్రాడు.. రిప్‌గ్రెప్

2016లో ఆండ్రూ గాలెంట్ అనే ప్రోగ్రామర్ రస్ట్ లాంగ్వేజ్‌లో రిప్‌గ్రెప్ తీసుకొచ్చారు. కమాండ్ కూడా చాలా చిన్నది.. ఆర్, జీ.. రెండే అక్షరాలు. ఫోల్డర్ లోపలికి వెళ్లమని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, తనే వెళ్తుంది. ప్రాసెసర్‌లోని పలు కోర్లను వాడుకుని ఒకేసారి చాలా ఫైల్స్ వెతుకుతుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో సెర్చ్ బాక్స్ వాడుతున్నారా? అయితే మీకు తెలియకుండానే మీరు రిప్‌గ్రెప్ వాడుతున్నట్టే.

ఇది ఇంత ఫాస్ట్‌గా ఉండటానికి ఇంకో కారణం ఉంది. కొన్ని ఫైల్స్‌ను అసలు వెతకదు! గిట్ ఇగ్నోర్ లిస్ట్‌లో ఉన్నవి, చుక్కతో మొదలయ్యే హిడెన్ ఫైల్స్, బైనరీ ఫైల్స్.. ఈ మూడింటినీ మామూలుగా పక్కన పెట్టేస్తుంది. రోజూ కోడ్ రాసేవాళ్లకు ఇది వరమే. కానీ అన్ని పనులకూ కాదు.

ఒకే ఒక్క లాగ్ ఫైల్‌లో వెతకడమైతే మాత్రం గ్నూ గ్రెప్ కూడా చాలా ఫాస్టే. అక్కడ తేడా పెద్దగా తెలియకపోవచ్చు.

మరి గిట్ గ్రెప్?

గిట్ ఉన్న సిస్టమ్‌లో ఇది కూడా ఉన్నట్టే. విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. గిట్ ట్రాక్ చేస్తున్న ఫైల్స్‌ను మాత్రమే వెతుకుతుంది. గిట్‌లో యాడ్ చేయని ఫైల్ దీనికి కనిపించదు.

అసలు ప్రమాదం ఇక్కడే

ఒక చిన్న ఉదాహరణ. ఒక వెబ్‌సైట్ ప్రాజెక్ట్‌లో పేమెంట్ కీని 'డాట్ ఎన్వ్' ఫైల్‌లో పెట్టారనుకుందాం. ఆ ఫైల్‌ను గిట్ ఇగ్నోర్‌లో కూడా చేర్చారు. అంతవరకు చేసింది కరెక్టే. ఇప్పుడు ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను జిప్ చేసి క్లయింట్‌కు పంపాలి. ముందు జాగ్రత్తగా డెవలపర్ ఆ కీ కోసం రిప్‌గ్రెప్‌తో వెతికారు. ఏమీ రాలేదు. 'క్లీన్‌గా ఉంది' అనుకుని జిప్ పంపేశారు. కానీ కీ ఆ జిప్‌లోనే ఉంది! ఆ ఫైల్ హిడెన్ ఫైల్, పైగా ఇగ్నోర్ లిస్ట్‌లో ఉంది. రిప్‌గ్రెప్ దాన్ని తెరవనే లేదు. గిట్ గ్రెప్ వాడినా ఇదే జరిగేది. గ్రెప్ మైనస్ ఆర్ మాత్రం పట్టుకునేది.

డాకర్ ఇమేజ్ తయారు చేసేటప్పుడూ ఇదే సమస్య. డాకర్ గిట్ ఇగ్నోర్‌ను పట్టించుకోదు. దానికి విడిగా డాకర్ ఇగ్నోర్ ఫైల్ ఉండాలి. అది లేకుండా ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే కీ కూడా ఇమేజ్‌లోకి వెళ్లిపోతుంది.

పరిష్కారం చాలా సింపుల్

రిప్‌గ్రెప్‌కు 'యూ' అనే ఆప్షన్ ఉంది.

* మైనస్ యూ: ఇగ్నోర్ లిస్ట్‌లో ఉన్న ఫైల్స్ కూడా చూస్తుంది
* మైనస్ యూ యూ: వాటితో పాటు హిడెన్ ఫైల్స్ కూడా చూస్తుంది
* మైనస్ యూ యూ యూ: బైనరీ ఫైల్స్‌ను కూడా వదలదు

పాస్‌వర్డ్స్, కీల కోసం వెతికేటప్పుడు మూడు యూలు పెట్టడమే సేఫ్. ఇంకో టిప్ ఏంటంటే.. రిప్‌గ్రెప్‌కు 'మైనస్ మైనస్ ఫైల్స్' అని ఇస్తే, అది ఏయే ఫైల్స్ వెతుకుతుందో లిస్ట్ చూపిస్తుంది. డౌట్ ఉన్న ఫైల్ ఆ లిస్ట్‌లో ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

డిలీట్ చేశాం కదా.. అంటే కుదరదు

కీని ఒకసారి గిట్‌లో కమిట్ చేసి, తర్వాత తీసేశారనుకోండి. అది పాత హిస్టరీలో అలాగే ఉంటుంది. గిట్ తన డేటాను కంప్రెస్ చేసి దాచుకుంటుంది కాబట్టి గ్రెప్, రిప్‌గ్రెప్ ఏదైనా సరే, డాట్ గిట్ ఫోల్డర్‌లో దాన్ని మామూలుగా చదవలేవు. ఇందుకు 'గిట్ లాగ్' కమాండ్‌కు 'మైనస్ క్యాపిటల్ ఎస్' ఆప్షన్ ఇచ్చి, పక్కనే ఆ పదం రాయాలి. 'మైనస్ మైనస్ ఆల్' కూడా కలిపితే అన్ని బ్రాంచ్‌లలో ఆ పదం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో చూపిస్తుంది.

ఒకవేళ కీ బయటికి వెళ్లిందని తెలిస్తే హిస్టరీ క్లీన్ చేయడం తర్వాత సంగతి. ముందు ఆ పాత కీని క్యాన్సిల్ చేసి కొత్తది తీసుకోవాలి. ఎందుకంటే ఎవరైనా ఇప్పటికే కాపీ చేసుకుని ఉంటే, మీ దగ్గర డిలీట్ చేసినా వాళ్ల దగ్గర పనిచేస్తూనే ఉంటుంది.

ఏది ఎప్పుడు వాడాలి?

* రోజూ కోడ్‌లో వెతకడానికి: రిప్‌గ్రెప్
* సర్వర్‌లో, ఇతరుల సిస్టమ్‌లో నడవాల్సిన స్క్రిప్ట్‌లలో: గ్రెప్
* గిట్‌లో ఉన్న ఫైల్స్ వరకే చాలనుకుంటే: గిట్ గ్రెప్
* సీక్రెట్స్ కోసం వెతికేటప్పుడు: గ్రెప్ మైనస్ ఆర్ లేదా మూడు యూలతో రిప్‌గ్రెప్, దాంతో పాటు గిట్ లాగ్

ఈ మూడూ ఓపెన్ సోర్స్ టూల్సే, ఫ్రీగా దొరుకుతాయి. ఉబుంటు, మ్యాక్, విండోస్.. అన్నింటిలోనూ రిప్‌గ్రెప్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కొత్తగా లైనక్స్ నేర్చుకునేవాళ్లు ముందు గ్రెప్‌తో మొదలుపెట్టడం మంచిది. ఏ సర్వర్‌లో లాగిన్ అయినా అదే ముందుగా కనిపిస్తుంది. టూల్ ఏదైనా సరే.. 'ఏమీ దొరకలేదు' అని వచ్చినప్పుడు, అది ఏయే ఫైల్స్ చూసి ఆ మాట చెప్పిందో ఒక్కసారి చెక్ చేసుకోవాలి. ఆ తర్వాతే జిప్ పంపాలి.