జీటీఎక్స్ 1650 వర్సెస్ ఆర్ఎక్స్ 570: అరకు కొండల్లో ఏ పాత గ్రాఫిక్స్ కార్డ్ కొనాలి?

తక్కువ బడ్జెట్ లో గేమింగ్ పీసీ అనగానే సెకండ్ హ్యాండ్ మార్కెట్ లో ఎదురయ్యే పేర్లు రెండు. ఒకటి ఎన్విడియా జీటీఎక్స్ 1650, రెండోది ఏఎండీ ఆర్ఎక్స్ 570. యూట్యూబ్ లో ఏ కంపారిజన్ చూసినా "570 ఫాస్ట్, పైగా చీప్, అదే కొనండి" అంటారు. ఆ మాట తప్పు కాదు. కానీ ఆ టెస్టులన్నీ మంచి ఎస్ఎంపీఎస్, నిలకడైన కరెంట్ ఉన్న చోట చేసినవి. అరకు, పాడేరు, అనంతగిరి, చింతపల్లి వైపు గాలివానకి ఓ చెట్టు కొమ్మ లైన్ మీద పడితే చాలు, ఇల్లంతా ఇన్వర్టర్ మీదకి వెళ్తుంది. అలాంటి చోట ఏ కార్డ్ కి నిజంగా వాల్యూ ఉందో చూద్దాం.

ముందు స్పెక్స్

జీటీఎక్స్ 1650
- విడుదల: 2019 ఏప్రిల్, 149 డాలర్లు
- ఆర్కిటెక్చర్: ట్యూరింగ్, 896 క్యూడా కోర్స్
- మెమరీ: 4 జీబీ జీడీడీఆర్5, 128 బిట్, 128 జీబీ/సెకను (2020 లో జీడీడీఆర్6 వెర్షన్ కూడా వచ్చింది)
- పవర్: 75 వాట్లు

ఆర్ఎక్స్ 570
- విడుదల: 2017 ఏప్రిల్, 169 డాలర్లు
- ఆర్కిటెక్చర్: పొలారిస్, 2048 స్ట్రీమ్ ప్రాసెసర్స్
- మెమరీ: 4 లేదా 8 జీబీ జీడీడీఆర్5, 256 బిట్, 224 జీబీ/సెకను
- పవర్: 150 వాట్లు, ఎక్కువ మోడల్స్ కి 8 పిన్ కనెక్టర్ కావాలి

రెండు కంపెనీల కోర్స్ సంఖ్యని నేరుగా పోల్చకూడదు. అసలు చూడాల్సింది చివరి లైన్. ఒక కార్డ్ తాగే కరెంట్ ఇంకోదానికి సరిగ్గా డబుల్.

పెర్ఫార్మెన్స్ లో ఎవరు ముందు?

1080పీ లో సగటున ఆర్ఎక్స్ 570 దాదాపు 10 శాతం ఫాస్ట్. 1650 లో 60 ఫ్రేమ్స్ వచ్చే గేమ్ లో 570 కి 66 వరకు వస్తాయనుకోండి. వాలరెంట్, సీఎస్2, జీటీఏ 5 లాంటివి రెండిట్లోనూ హాయిగా నడుస్తాయి. ప్రాసెసర్ పాతదైతే వాలరెంట్ లో ఆ 10 శాతం తేడా కూడా కనిపించదు, ఎందుకంటే అక్కడ ఆపేది కార్డ్ కాదు, ప్రాసెసర్. 8 జీబీ ఉన్న 570 దొరికితే మాత్రం టెక్స్చర్స్ హై లో పెట్టుకోవచ్చు. అది నిజమైన లాభం.

రే ట్రేసింగ్ తప్పనిసరి అయిన కొత్త గేమ్స్ (ఉదాహరణకి ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్) రెండిట్లోనూ నడవవు. డీఎల్ఎస్ఎస్ రెండిటికీ లేదు, ఎఫ్ఎస్ఆర్ రెండిటికీ పనిచేస్తుంది.

అంటే ఒక్క ఫ్రేమ్ రేటే చూస్తే 570 దే గెలుపు. ఇప్పుడు కరెంట్ దగ్గరికి వద్దాం.

ఇన్వర్టర్ లెక్క

మన దగ్గర చాలామంది వాడేది ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ డెస్క్ టాప్. నాలుగో తరం ఐ5, ఒక ఎస్ఎస్డీ. గేమ్ ఆడుతున్నప్పుడు కార్డ్ కాకుండా మిగతా సిస్టమ్ 75 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఎస్ఎంపీఎస్ ఎఫిషియెన్సీ 85 శాతం, మానిటర్ కి ఇంకో 20 వాట్లు వేసుకుంటే ప్లగ్ దగ్గర లెక్క ఇలా వస్తుంది:

- 1650 తో: సుమారు 195 వాట్లు
- 570 తో: సుమారు 285 వాట్లు

ఇంట్లో 150 ఏహెచ్, 12 ఓల్టుల బ్యాటరీ ఉందనుకోండి. కాగితం మీద అది 1800 వాట్ అవర్స్. కన్వర్షన్ లో పోయేది, బ్యాటరీ పూర్తిగా దిగకుండా వదిలేసేది తీసేస్తే చేతికి వచ్చేది 60 శాతం, అంటే దాదాపు 1080. దాని మీద పీసీ ఒక్కటే నడిస్తే 1650 సిస్టమ్ ఐదున్నర గంటలు, 570 సిస్టమ్ నాలుగు గంటల లోపే. లైట్లు, ఫ్యాన్ కూడా అదే బ్యాటరీ మీద ఉంటే రెండూ ఇంకా తగ్గుతాయి. అసైన్మెంట్ రేపు సబ్మిట్ చేయాల్సిన రాత్రి ఆ గంటన్నర చిన్న తేడా కాదు.

బిల్లు సంగతికొస్తే, రోజుకి 3 గంటలు ఆడితే నెలకి తేడా 8 యూనిట్లు. అది పెద్ద విషయం కాదు. అసలు సమస్య లోడ్, ఓల్టేజ్.

ఓల్టేజ్ తగ్గితే ఏమవుతుంది?

ఎస్ఎంపీఎస్ కి కావాల్సిన వాట్లు మారవు. ఓల్టేజ్ తగ్గితే అది లైన్ నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. కేబినెట్ తో పాటు ఫ్రీగా వచ్చే చవక ఎస్ఎంపీఎస్ మీద 570 పెట్టి, లో ఓల్టేజ్ లో గేమ్ ఆడితే సిస్టమ్ రీస్టార్ట్ అవడం మామూలే. కొనేముందు ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి. ఇన్పుట్ 100–240 ఓల్ట్స్ అని ఉంటే మంచిది. 200–240 అని మాత్రమే ఉంటే కొండల మీద దాన్ని నమ్ముకోవద్దు.

600 వీఏ యూపీఎస్ లు ఎక్కువగా 360 వాట్ల రేటింగ్ తో వస్తాయి. 570 సిస్టమ్ దానికి బాగా దగ్గరగా వెళ్తుంది. గేమ్ పీక్ లో ఉన్నప్పుడు కరెంట్ పోతే యూపీఎస్ ట్రిప్ అయ్యే రిస్క్ ఎక్కువ.

దాచిన ఖర్చు

డెల్ ఆప్టిప్లెక్స్ 7010, 9020 లాంటి సిస్టమ్స్ లో ఎస్ఎంపీఎస్ 240 నుంచి 290 వాట్ల మధ్య ఉంటుంది, 8 పిన్ గ్రాఫిక్స్ కేబుల్ ఉండదు. 9020 లో మదర్ బోర్డ్ కనెక్టర్ కూడా మామూలు 24 పిన్ కాదు. కాబట్టి 570 కొంటే మంచి 450–500 వాట్ల ఎస్ఎంపీఎస్ కి ఇంకో మూడు నాలుగు వేలు, అవసరమైతే అడాప్టర్ కూడా కలుపుకోవాలి. 1650 అయితే స్లాట్ లో పెట్టి స్క్రూ బిగిస్తే చాలు. కాకపోతే రెండు విషయాలు చూసుకోండి:

- కొన్ని 1650 మోడల్స్ కి కూడా 6 పిన్ కనెక్టర్ ఉంటుంది. ఆ కనెక్టర్ లేనిదే తీసుకోండి.
- సన్నటి కేబినెట్ అయితే లో ప్రొఫైల్ మోడల్ కావాలి, బ్రాకెట్ తో సహా.

డ్రైవర్లు, చదువు

పొలారిస్ కార్డులకి ఏఎండీ 2023 నుంచి అప్డేట్స్ బాగా తగ్గించింది. 1650 ఉన్న ట్యూరింగ్ కి ఎన్విడియా ఇంకా రెగ్యులర్ డ్రైవర్లు ఇస్తోంది. ఇంకా చవకగా దొరుకుతుందని 1050 టీఐ వైపు చూసేవాళ్ళు గుర్తుంచుకోండి, ఆ పాస్కల్ తరానికి గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబర్ తో ఆగిపోయాయి.

బీటెక్ చదివేవాళ్ళకి ఇంకో పాయింట్. క్యూడా ఉండటం వల్ల 1650 మీద పైటార్చ్ లో చిన్న మోడల్స్ ట్రైన్ చేసి నేర్చుకోవచ్చు, బ్లెండర్ సైకిల్స్ లో రెండర్ చేయొచ్చు. బ్లెండర్ 3.0 నుంచి పొలారిస్ కార్డులకి సైకిల్స్ జీపీయూ సపోర్ట్ లేదు.

కొండ ఎక్కేముందు చెక్ చేయాల్సినవి

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. కార్డ్ పాడైందని మళ్ళీ షాపుకి వెళ్తే ఒక రోజు, రానూపోనూ ఛార్జీలు పోయినట్టే. అందుకే అన్నీ షాపులోనే చూసుకోండి.

- 570 అయితే మైనింగ్ కార్డ్ అనే అనుకుని టెస్ట్ చేయండి. ఎథీరియం 2022 సెప్టెంబర్ లో మైనింగ్ వదిలేశాక ఇలాంటివి చాలా మార్కెట్ లోకి వచ్చాయి. ఫ్యాన్లు శబ్దం చేస్తున్నాయా, బయోస్ ఒరిజినలేనా అడగండి.
- ఫర్ మార్క్ లేదా ఏదైనా గేమ్ 20–30 నిమిషాలు నడిపించి స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వస్తున్నాయేమో చూడండి.
- జీపీయూ-జెడ్ లో చిప్ పేరు చూడండి. పాత చిప్ కి కొత్త పేరు పెట్టిన నకిలీ ఎన్విడియా కార్డులని అది పట్టేస్తుంది.
- "ఆర్ఎక్స్ 580 2048ఎస్పీ" అని అమ్మితే 580 ధర ఇవ్వొద్దు. అది పేరు మార్చిన 570 లాంటిదే.
- డ్రైవర్ ఫైల్ వందల ఎంబీలు ఉంటుంది. సిగ్నల్ బాగున్న చోటే పెన్ డ్రైవ్ లో వేసుకోండి.

ఇప్పటికే 570 ఉందా?

అమ్మేయాల్సిన పనిలేదు. అడ్రినలిన్ సాఫ్ట్ వేర్ లో ఫ్రేమ్ రేట్ ని 60 కి లాక్ చేయండి, కొద్దిగా అండర్ ఓల్ట్ చేయండి. కార్డ్ తాగే పవర్ బాగా తగ్గుతుంది. ఉరుములు మొదలైతే మాత్రం ఏ కార్డ్ అయినా ప్లగ్ తీసేయడమే.

ఫైనల్ గా ఏది కొనాలి?

లెక్క సింపుల్. 570 ధరకి ఎస్ఎంపీఎస్ ధర కలపండి. ఆ మొత్తం 1650 ధర కంటే తక్కువై, మీ ఊళ్ళో కరెంట్ బాగుంటే 570, అందులోనూ 8 జీబీ వెర్షన్ తీసుకోండి. విశాఖలో హాస్టల్ లో ఉండేవాళ్ళకి ఇదే కరెక్ట్.

అరకు వైపు, ఇన్వర్టర్ మీద, పాత ఆఫీస్ పీసీతో నడిపేవాళ్ళకి మాత్రం నా ఓటు జీటీఎక్స్ 1650 కే. ఇక్కడ 10 శాతం ఫ్రేమ్స్ కంటే సగం కరెంట్ తో నడిచే కార్డే ఎక్కువ పనికొస్తుంది. కరెంట్ పోయినప్పుడు కూడా ఆడనిచ్చేది అదే.