సున్నా వేరు, ఖాళీ వేరు: మహిళల బాస్కెట్‌బాల్ జట్టు లెక్కలు ఎలా రాసుకోవాలి?

ఒక దేశపు మహిళల బాస్కెట్‌బాల్ జట్టు గణాంకాలు ఎలా సేకరించాలి, ఎలా అమర్చుకోవాలి అనేది ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. ఉదాహరణకి అమెరికా జట్టునే తీసుకుందాం.

2024 ఆగస్టు 11, పారిస్. ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా 67, ఫ్రాన్స్ 66. ఆఖరి క్షణంలో ఫ్రాన్స్ ప్లేయర్ గాబీ విలియమ్స్ వేసిన బంతి బుట్టలో పడింది. కానీ ఆమె కాలు మూడు పాయింట్ల గీత మీద ఉంది. అందుకని రెండు పాయింట్లే ఇచ్చారు. కొంచెం వెనక నిలబడి ఉంటే స్కోరు సమానమై ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్లేది. ఒక్క గీత ఎంత పని చేస్తుందో చూశారుగా!

ఇప్పుడు అదే గీతని పట్టుకుని వెనక్కి వెళ్దాం. ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ 1976లో మాంట్రియల్‌లో మొదలైంది. మూడు పాయింట్ల గీత మాత్రం 1988లో గానీ రాలేదు. మరి 1984లో బంగారు పతకం గెలిచిన షెరిల్ మిల్లర్ పేరు ఎదురుగా "మూడు పాయింట్లు" అనే గడిలో ఏం రాస్తాం? చాలామంది సున్నా పెట్టేస్తారు. అది తప్పండీ. సున్నా అంటే "అవకాశం ఉంది, వెయ్యలేదు" అని అర్థం. ఆవిడకి అసలు ఆ అవకాశమే లేదు. అక్కడ గడి ఖాళీగా వదలాలి. సున్నా పెడితే సగటు తీసినప్పుడు ఆ తరం ఆడవాళ్లంతా తక్కువవాళ్లలా కనిపిస్తారు.

ఇక అమరిక సంగతి. రెండు పట్టికలు చాలు. మొదటిదాంట్లో ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో వరుస: తేదీ, ఊరు, ప్రత్యర్థి, స్కోరు. రెండోదాంట్లో ఒక్కో మ్యాచ్‌లో ఒక్కో ప్లేయర్‌కి ఒక వరుస. మొత్తాలు చేత్తో రాయకండి, వీటి నుంచే రాబట్టండి. ప్రత్యర్థి పేరు ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంచండి. 1992 సెమీఫైనల్లో అమెరికాని ఓడించింది యూనిఫైడ్ టీమ్. దాన్ని రష్యా అని మార్చకూడదు.

తర్వాత సరిచూసుకోవడం. ప్లేయర్ల పాయింట్లన్నీ కూడితే జట్టు స్కోరు రావాలి. ఓవర్‌టైమ్ లేని మ్యాచ్‌లో ఐదుగురు, 40 నిమిషాలు, అంటే మొత్తం 200 నిమిషాలు రావాలి. రాలేదంటే ఎక్కడో తప్పు దొర్లిందన్నమాట.

ఒక చిన్న పరీక్ష చూడండి. ఒలింపిక్స్‌లో అమెరికా వరుస విజయాలు 61 అంటారు. 1996 నుంచి 2016 దాకా ఆరు ఒలింపిక్స్, ఒక్కోదాంట్లో 8 మ్యాచ్‌లు: 48. టోక్యోలో 6, పారిస్‌లో 6. మొత్తం 60. మరి ఆ ఒక్కటీ ఏమైంది? 1992లో సెమీస్‌లో ఓడాక క్యూబా మీద గెలిచిన కాంస్య పతకం మ్యాచ్ అది! బంగారు పతకాలు మాత్రమే లెక్కపెట్టినవాళ్లకి అది దొరకదు.

అందుకే చెప్పేది, ఓడిన ఏడాది కాగితాలు కూడా పారెయ్యకండి. తెలిసింది రాయండి, తెలియనిది ఖాళీగా ఉంచండి. ఎప్పుడో ఒకరోజు పాత స్కోర్‌షీట్ ఒకటి దొరికితే, ఆ ఖాళీ నింపడానికి చోటుంటుంది. సున్నా పెట్టేశామంటే ఇంక ఎవరూ వెతకరు.

మళ్లీ కలుద్దాం. ఉంటానండీ.