వేవర్ వస్తే ఫీజు మిగులుతుందా?

అపోహ: బీటెక్‌లో చదివిన సబ్జెక్టే అమెరికాలో ఎంఎస్‌లోనూ తగిలితే వేవర్ (ఆ కోర్సు మాఫీ) అడగొచ్చు. ఆ మేరకు డిగ్రీ తొందరగా, చవగ్గా అయిపోతుంది.

వాస్తవం: వాట్సాప్ గ్రూపుల్లో సీనియర్లు చెప్పే ఈ మాటలో సగమే నిజం. చాలా యూనివర్సిటీల్లో వేవర్‌తో పోయేది సబ్జెక్టే, క్రెడిట్లు కాదు. 30 క్రెడిట్ల ఎంఎస్‌లో 3 క్రెడిట్ల ఆపరేటింగ్ సిస్టమ్స్ మాఫీ అయిందనుకోండి. ఆ మూడింటికీ ఇంకో కోర్సు చేయాలి, దానికీ ఫీజు కట్టాలి. తెలిసిన పాఠమే మళ్లీ వినే బాధ తప్పుతుంది, అంతే. డిగ్రీ లెక్కలోకి రాని ప్రిరిక్విజిట్ మాఫీ అయితే మాత్రం డబ్బూ కాలమూ నిజంగానే మిగులుతాయి.

అపోహ: డిపార్ట్‌మెంట్ హెడ్ సరేనంటే ఏ కోర్సయినా తప్పించుకోవచ్చు.

వాస్తవం: టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలో బ్యాచిలర్స్ డిగ్రీ కావాలంటే అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు, ప్రభుత్వ పాలన 6 క్రెడిట్లు ఉండి తీరాలి. అది రాష్ట్ర చట్టం. డాలస్‌లో మనవాళ్ల అబ్బాయి కంప్యూటర్ సైన్స్ చదువుతున్నా అంతే. చరిత్రలో 3 క్రెడిట్లకు బదులు టెక్సాస్ చరిత్ర తీసుకోవచ్చు. అదీ చరిత్రే!

అపోహ: డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ పెడితే యూనివర్సిటీ కోర్సు మార్చక తప్పదు.

వాస్తవం: బోస్టన్ యూనివర్సిటీ మీద ఇలాంటి ఇబ్బందులున్న విద్యార్థులు వేసిన కేసు చూడండి. విదేశీ భాషకు బదులు వేరే కోర్సు ఇవ్వమని వాళ్లడిగారు, యూనివర్సిటీ కుదరదంది. ఇలాంటి సౌకర్యాలు అడిగి, క్లాసులో కునికే సమంత అనే విద్యార్థిని గురించి ప్రసంగాల్లో చెప్పిన ఆ యూనివర్సిటీ పెద్ద జాన్ వెస్ట్‌లింగ్, ఆ అమ్మాయి తన కల్పనేనని చివరికి ఒప్పుకున్నారు. విచారించకుండా కాదనడం తప్పని 1997లో కోర్టు తేల్చి, అధ్యాపకులతో చర్చించి నిర్ణయించమంది. విదేశీ భాష ఆ డిగ్రీకి ప్రాణమని అధ్యాపకుల కమిటీ తేల్చింది. 1998లో కోర్టు దాన్ని ఆమోదించింది. అంటే, విద్యార్థి అడిగితే నిజాయితీగా పరిశీలించాలి, ఇచ్చి తీరాలని లేదు.

అపోహ: వేవర్‌కు మార్కుల మెమో చూపిస్తే చాలు.

వాస్తవం: మెమోలో సబ్జెక్టు పేరు, మార్కులే ఉంటాయి. ఏ యూనిట్లు చెప్పారో, ఏ పుస్తకం చదివారో ఉండదు. అడ్వైజర్ అడిగేది అదే. విమానం ఎక్కకముందే సిలబస్ కాపీలు కాలేజీలో స్టాంపు వేయించి పెట్టెలో పెట్టుకోండి.