టర్బో పోయిందన్నారా? ముందు పొగ చూడండి

ఎవరైనా "మా బండి టర్బో పోయిందట" అంటే నేను మొదట అడిగేది పొగ రంగు. నల్లగా వస్తుంటే ఇంజన్‌కి గాలి చాలడం లేదని అర్థం. డీజిల్ పడుతోంది గానీ, దాన్ని పూర్తిగా కాల్చేంత ఆక్సిజన్ అందట్లేదు. నీలంగా వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ వేరే కథ, ఇప్పుడు దాని జోలికి వెళ్లను. నలుపు, నీలం తేడా తెలిస్తే చాలు, కొన్నిసార్లు వేలల్లో అయ్యే బిల్లు వందల్లో తేలిపోతుంది.

అసలు టర్బో చేసే పనేంటి? స్టీల్ ప్లాంట్‌కి ఇండస్ట్రియల్ విజిట్‌కి వెళ్లినవాళ్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు వినే ఉంటారు. ఫర్నేసు పైనుంచి పీడనంతో బయటికొచ్చే గ్యాస్‌ని ఊరికే వదిలేయకుండా దాంతో టర్బైన్ తిప్పి కరెంటు తీయొచ్చు. కారులోనూ అదే తెలివి. సైలెన్సర్ దారిన పోయే వేడి గ్యాస్ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కి రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం గాలిని కుదించి ఇంజన్లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇది కార్లకంటే ముందు ఓడలెక్కింది. మన హార్బర్‌కి వచ్చే పెద్ద ఓడల డీజిల్ ఇంజన్లు నేటికీ దీని మీదే ఆధారపడతాయి.

చిన్న కారు టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరగగలదు. చాలావాటిలో దాన్ని మోసేది బాల్ బేరింగులు కాదు, పల్చటి ఆయిల్ పొర. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద రాసేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మా బాబాయికి ఒక డీజిల్ టాక్సీ ఉంది. ఇల్లు గడిచేది దాని మీదే, ఇంకా లోను కూడా తీరలేదు. మొన్న శీతాకాలం అరకు ట్రిప్పులో శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలవగానే బండి ఊపిరాడనట్టు అయిపోయింది. సెకండ్ గేర్లో కూడా లాగట్లేదు, వెనకాల నల్లపొగ. తిరిగొచ్చాక ఒక వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టి, పి0299 కోడ్ చూపించి, టర్బో మొత్తం మార్చాలన్నారు. చెప్పిన ఖర్చు మూడు నెలల వాయిదాలంత. ఆ కోడ్ బూస్ట్ తక్కువగా ఉందని మాత్రమే చెబుతుంది, ఎందుకు తక్కువైందో చెప్పదు. అందుకే బండిని గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన ముందు సెన్సర్ సంగతి చూశారు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే, మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ బయటి గాలి పీడనాన్నే చూపించాలి. విశాఖ సముద్రమట్టంలో ఉంది కాబట్టి ఇక్కడ అది సుమారు 101 కిలోపాస్కల్. అదే దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో అయితే 91 దగ్గర ఉంటుంది. మా బండిలో 100 వచ్చింది, అంటే సెన్సర్ బాగానే ఉంది. తర్వాత హైవే మీద థర్డ్ గేర్లో పూర్తిగా తొక్కి చూస్తే, 200 దగ్గరికి వెళ్లాల్సింది 130 దాటలేదు. బొగ్గు లారీల దారుల్లో తిరిగే బండి కావడంతో ఎయిర్ ఫిల్టర్ నల్లగా మారింది. కొత్తది వేసినా పెద్ద తేడా లేదు.

ఇంజన్ చల్లారాక టర్బో ముందున్న గొట్టం విప్పి, షాఫ్ట్‌ని వేలితో తిప్పారు. సులువుగా తిరిగింది. రెక్కల అంచులు గీసుకోలేదు. పక్కలకి కొంచెం ఆడింది, ఆయిల్ పొరకి చోటు కావాలి కాబట్టి ఆ మాత్రం ఆట సహజమే. ముందుకీ వెనక్కీ ఆడితే మాత్రం అనుమానించాలి. అది ఆడలేదు.

ఇక మిగిలింది టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్లే దారి. గాలి తీసుకునే మూతి బిగించి, రెగ్యులేటర్‌తో తక్కువ ప్రెషర్ గాలి వదిలి, గొట్టాల మీద సబ్బునీళ్లు చల్లాం. ఒక రబ్బరు గొట్టం అడుగున, క్లిప్ పక్కన, బుడగలు పొంగాయి. ఐడిల్లో ఎంత వెతికినా కనబడని చీలిక అది. "గాలి గట్టిగా తన్నితేనే నోరు తెరుస్తాది బాబూ" అన్నారాయన. గొట్టం, రెండు క్లిప్పులు మార్చి, సింహాచలం కొండ ఎక్కించి చూస్తే రీడింగ్ 200 దాటింది. ఆ నెల వాయిదా సమయానికే కట్టాడు మా బాబాయి.

అన్నిసార్లూ ఇంత చవగ్గా తేలదు. నీలం పొగ వస్తూ, షాఫ్ట్ వదులై, రెక్కలు గోడకి రాసుకుంటుంటే టర్బో నిజంగానే పోయినట్టు. అప్పుడు కూడా హౌసింగులు బాగుంటే లోపలి కార్ట్రిడ్జ్ ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే పాతది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది బిగిస్తే అదీ పోతుంది. ఎక్కువగా కారణం ఆయిలే. మార్చకుండా నెట్టుకొచ్చిన ఆయిల్ వేడికి మాడి, సన్నటి ఫీడ్ పైపులో మసిగా పేరుకుంటుంది. ఆ పైపు మార్చాలి, కనీసం శుభ్రంగా కడగాలి. ఆయిల్ తిరిగి కిందికి దిగే పైపు మూసుకుపోతే మంచి టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది, కాబట్టి దాన్నీ చూడాలి. ఇంటర్‌కూలర్లో చేరిన ఆయిల్‌ని కడగకపోతే ప్రమాదం. డీజిల్ ఇంజన్ దాన్నే ఇంధనంగా తాగేసి, కీ తీసేసినా ఆగకుండా పరిగెత్తగలదు. కొత్త కార్ట్రిడ్జ్‌లో కొంచెం ఆయిల్ పోసి చేత్తో తిప్పాకే స్టార్ట్ చేయాలి. కాసేపు ఐడిల్లోనే ఉంచాలి, రేజ్ చేయకూడదు.

టర్బోలన్నీ ఒక రకం కావు. మన రోడ్ల మీద ఎక్కువగా కనబడిన 1248 సీసీ ఫియట్ డీజిల్ ఇంజన్నే తీసుకోండి. దాని 75 హార్స్‌పవర్ రకంలో మామూలు టర్బో ఉంటే, 90 హార్స్‌పవర్ దాంట్లో కోణం మార్చుకునే రెక్కలుంటాయి. ఆ రెక్కలు మసి పట్టి బిగుసుకుపోయినా బూస్ట్ పడిపోతుంది. చేతి వాక్యూమ్ పంపుతో యాక్చుయేటర్ కడ్డీ సాఫీగా కదులుతోందో లేదో చూస్తే తెలిసిపోతుంది. అక్కడుండే స్టాప్ స్క్రూని మాత్రం తిప్పొద్దు, దాని సెట్టింగ్ కంపెనీలో కొలిచి పెట్టింది.

ఘాట్ ఎక్కి అనంతగిరిలో కాఫీకి ఆగినప్పుడు మా బాబాయి ఇప్పుడు కీ వెంటనే తీయడు. ఇంజన్ ఆపితే ఆయిల్ కూడా ఆగిపోయి, కాలిపోతున్న షాఫ్ట్ చుట్టూ మిగిలినది మాడుతుంది. అందుకే ఒక నిమిషం ఐడిల్లో ఉంచుతాడు. పాసింజర్లు దిగి ఒళ్లు విరుచుకునేలోపు ఆ నిమిషం అయిపోతుంది.